మా విచారణలో సైకిళ్లకు ఆశీర్వాదం: నా అనుభవం

గత జూలైలో కడపలోని మా విచారణ (ఒక ఫాదర్‌గారి పర్యవేక్షణలో ఉండే కతోలిక సంఘం) గుడి ఆవరణలో సైకిళ్లకు ఆశీర్వాదం జరిగింది. కొత్త ఇంటికి, కొత్త బోరుకు, విత్తనాలకు, కొత్తగా కొన్న బండికి గురువులు (ఫాదర్‌లు) ప్రార్థన చేసి తీర్థజలం చిలకరించడం మాకు ఎప్పటినుంచో ఉన్నదే. అయితే పిల్లలూ పెద్దలూ తమ సైకిళ్లన్నింటినీ ఒకచోటికి తెచ్చి, వాటికోసమే ఒక ప్రార్థనాక్రమాన్ని నడుపుకోవడం మా విచారణలో అదే మొదటిసారి. ఆ ఏర్పాట్లలో మొదటి నుంచి చివరి దాకా ఉన్నదాన్ని కాబట్టి, ఆ ఆలోచన ఎలా పుట్టింది, ఎవరు ఏమడిగారు, చివరికి ఎలా జరిగింది అన్నది వివరంగా రాస్తున్నాను. మరో విచారణ వారు ఇలాంటిది తలపెడితే వారికి పనికి వస్తుందన్నది ఒక కారణం. ఆ ఉదయం నాకు కలిగిన సంతోషాన్ని నాలోనే దాచుకోలేకపోవడం అంతకన్నా పెద్ద కారణం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయినిని. ఆదివారాలు గుడిలో పిల్లలకు సత్యోపదేశం, అంటే కతోలిక విశ్వాస పాఠాలు, చెబుతాను. మా తరగతి పిల్లలలో చాలామంది బడికి సైకిల్ మీదే వెళతారు. ‘బడికొస్తా’ పథకంలో ఆడపిల్లలకు ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్లు, అక్కల తర్వాత చెల్లెళ్ల చేతికి వచ్చి, ఇప్పటికీ మా వీధుల్లో తిరుగుతూనే ఉన్నాయి. పిల్లలే కాదు, తెల్లవారుజామున పేపర్లు వేసే కుర్రాళ్లు, క్యాన్లు తగిలించుకొని పాలు పోసేవారు, తాపీ సంచి హ్యాండిల్‌కు వేలాడదీసుకొని ఎర్రముక్కపల్లి వైపు పనికి వెళ్లే బేల్దారులు, వీరందరికీ సైకిలే ఆధారం. ఏడురోడ్ల కూడలి దగ్గర సాయంత్రం పూట ఆటోలు, మోటార్‌సైకిళ్ల నడుమ ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి సైకిల్ దిగి తోసుకుంటూ దాటడం చూసినవారికి, ఊరి బయట నాపరాళ్ల లారీల వెనుక పొలం పనికి పోయే ముసలాయన సైకిల్‌ను చూసినవారికి, ఈ ప్రార్థన ఎందుకు అవసరమో నేను విడిగా చెప్పనక్కరలేదు.

ఆలోచన మాత్రం పిల్లల ప్రశ్న నుంచే వచ్చింది. పునీతుల (సెయింట్ల) గురించి పాఠం చెబుతున్నప్పుడు, గొంతు నొప్పికి పునీత బ్లేసియుగారు, పోయిన వస్తువులకు పునీత అంతోనివారు, ప్రయాణికులకు పునీత క్రిస్టఫర్‌గారు అని చెప్పుకుంటూ పోతుంటే, వెనుక బెంచీలోని అబ్బాయి ఒకడు లేచి, “మరి సైకిల్ తొక్కేవాళ్లకు ఎవరున్నారు టీచర్?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు చక్కని జవాబే ఉంది. ఇటలీలో కోమో సరస్సుకు ఎగువన, మాగ్రెల్యో గ్రామం దగ్గర, కొండ మీద గిసాల్లో మాత పేర ఒక చిన్న గుడి ఉంది. పూర్వం ఒక దొర దొంగల బారిన పడి, అక్కడి మరియమాత పటాన్ని ఆశ్రయించి బతికి బయటపడ్డాడని చెబుతారు. సైకిల్ పందేలు ఆ కొండ మీదుగా సాగడం మొదలయ్యాక, ఎక్కుడు దారిలో ఆయాసపడి వచ్చేవారికి ఆ గుడి మజిలీ అయింది. 1949లో పన్నెండవ భక్తినాథ (పయస్) పోపుగారు ఆ తల్లిని సైకిల్ తొక్కేవారి పాలకురాలిగా ప్రకటించారు. ఆ గుడి గోడల నిండా పేరుపొందిన పందెగాళ్ల సైకిళ్లు వేలాడుతుంటాయి. 1995లో టూర్ ద ఫ్రాన్స్ పందెంలో కొండ దిగుతూ పడి చనిపోయిన ఫాబియో కాసార్తెల్లి అనే యువకుడి సైకిల్ కూడా అక్కడే ఉంది. ఫ్రాన్సు దేశంలోనూ లాబస్తీద్ దార్మన్యాక్ అనే ఊరి దగ్గర ఒక పాత గుడి 1959 నుంచి సైకిల్ వారి మాత గుడిగా పేరుపొందింది.

పిల్లలను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్నది జీనో బార్తాలీ కథ. ఆయన 1938లో ఒకసారి, మధ్యలో యుద్ధం గడిచిపోయాక 1948లో మరొకసారి టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఇటలీ దేశస్థుడు, గట్టి కతోలిక విశ్వాసి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో యూదులను కాపాడడానికి తయారుచేసిన దొంగ గుర్తింపు పత్రాలను సైకిల్ గొట్టంలో దాచుకొని, పందేనికి సాధన చేస్తున్నట్టుగా ఫ్లోరెన్సు, అస్సీసి ఊళ్ల మధ్య తొక్కుతూ చేరవేసినందుకు, ఆయన మరణించిన చాలా ఏళ్ల తర్వాత, 2013లో, యెరూషలేములోని యాద్ వషేం అనే యూదుల మారణకాండ స్మారక సంస్థ ఆయనకు అత్యున్నత గౌరవం ఇచ్చింది. బతికున్నంతకాలం ఆయన ఆ సంగతిని ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు. ఈ కథ విన్న తర్వాత మా పిల్లలకు సైకిల్ అంటే ఉన్న గౌరవం పెరిగింది. న్యూయార్కు నగరంలోని సెయింట్ జాన్ ద డివైన్ మహాగుడిలో 1999 నుంచి ఏటా సైకిళ్లకు ఆశీర్వాదం చేస్తున్నారని, అక్కడ రోడ్డు మీద ప్రాణాలు కోల్పోయిన సైకిల్ వారిని కూడా స్మరించుకుంటారని చెప్పగానే, “మనమూ చేద్దాం టీచర్” అని తరగతంతా ఒక్క గొంతుతో అన్నది.

ఆ సాయంత్రమే విచారణ గురువులను కలిశాను. ఫాదర్‌గారు నవ్వుతారేమో అనుకున్నాను గాని, ఆయన నేరుగా బీరువా తెరచి ఆశీర్వాదాల గ్రంథం తీశారు. 1984లో రోము నగరం నుంచి వెలువడిన ఆ గ్రంథంలో కుటుంబాలకు, వ్యాధిగ్రస్తులకు, పనిముట్లకు, పొలాలకు, పశువులకు వేరువేరు ప్రార్థనాక్రమాలు ఉన్నట్టే, ప్రయాణ సాధనాలకూ ఒకటి ఉంది. ఆయన నాకు ముందుగా చదివి వినిపించింది మాత్రం ఆ ప్రార్థన కాదు, గ్రంథం మొదట్లో ఉన్న నియమాలు. దేవుని వాక్యం గాని ప్రార్థన గాని లేకుండా, కేవలం ఒక గుర్తుతో ఏ వస్తువునూ ఆశీర్వదించకూడదని, అలా చేస్తే అది మూఢనమ్మకానికి దారితీస్తుందని అక్కడ స్పష్టంగా ఉంది. ఆశీర్వాదంలో మొదటిది దేవునికి స్తుతి, ఆ తర్వాతే మనం అడుగుకొనేది. వస్తువు మీద చిలకరించే నీరు, ఆ వస్తువును వాడుకునే మనిషి కోసమే.

అంతా వివరించాక ఫాదర్‌గారు ఒక షరతు పెట్టారు. “బ్రేకులు పట్టని సైకిల్‌కు నేను ప్రార్థన చెప్పనమ్మా. దేవదూతలు కాపాడాలని అడుగుతూ, పది రూపాయల బ్రేకు రబ్బరు మనం వేయించుకోకపోతే ఆ ప్రార్థనకు అర్థం లేదు. ముందు రోజు ప్రతి సైకిల్‌నూ చూపించండి. బాగున్నవే ఆదివారం వరుసలోకి రావాలి” అన్నారు. ఈ ఒక్క మాట మా కార్యక్రమం మొత్తానికీ ఆకారం ఇచ్చింది. నా మనసులో అప్పటిదాకా ఉన్నది ఒక అందమైన ఉత్సవం మాత్రమే. ఆ షరతు విన్న క్షణం నుంచి అది ఒక బాధ్యతగా కూడా కనిపించింది, నాకు అందులోనే ఎక్కువ ఆనందం దొరికింది.

తేదీ విషయంలో కొంత చర్చ జరిగింది. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినంగా ప్రకటించింది కాబట్టి ఆ రోజునే చేద్దామని యువత కోరారు. అయితే అప్పటికి బడులు తెరవరు, పిల్లలు సగం మంది అమ్మమ్మల ఊళ్లలో ఉంటారు, పైగా కడప ఎండలు అప్పటికి తగ్గవు. ప్రయాణికుల పాలకుడైన పునీత క్రిస్టఫర్‌గారిని చాలా దేశాలలో జూలై 25న స్మరించుకుంటారు. 1969లో ప్రార్థనా పంచాంగాన్ని సవరించినప్పుడు ఆ పండుగను సార్వత్రిక పంచాంగం నుంచి తీసి స్థానిక సంఘాలకు వదిలిపెట్టినా, ఆయనను పునీతుల వరుస నుంచి తీసివేయలేదు. ఆ తేదీకి దగ్గరగా వచ్చే ఆదివారం, రెండో పూజ తర్వాత అని నిర్ణయించారు.

ప్రకటన చదివిన ఆదివారం నుంచి ప్రశ్నల వాన మొదలైంది. మా పిల్లలు అడిగినవాటిని నేను ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. “సైకిల్‌కు జ్ఞానస్నానం ఇస్తారా, పేరు పెడతారా?” అన్నది మొదటిది. ఫాదర్‌గారు చాలా ఓపికగా, “జ్ఞానస్నానం మనుషులకే. మీ సైకిల్‌కు మీరు ఏ పేరైనా పెట్టుకోండి, నేను సంతోషిస్తాను. గుడి రిజిస్టరులో మాత్రం రాయను” అన్నారు. విభూతి బుధవారం నాడు మన నొసట బూడిద పెట్టినట్టు సైకిల్ ముందు మడ్‌గార్డు మీద కూడా పెడతారా అని ఒకరు, సైకిల్ వల్ల తప్పు జరిగితే పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ఎవరు చేయాలని మరొకరు అడిగారు. రెండో ప్రశ్నకు, “తొక్కినవాడే” అని పక్కనున్న పిల్లే జవాబిచ్చింది. అందరికన్నా చిన్నదైన ఒక అమ్మాయి, “దీవించినాక పంక్చర్ పడదా ఫాదర్?” అని అడిగినప్పుడు గుడి వరండా అంతా నవ్వులతో నిండిపోయింది. “పడుతుంది తల్లీ. మన ఊరి కంపముళ్లకు నేను ప్రార్థన చెప్పడం లేదు కదా. పడినప్పుడు ఏడవకుండా, ఎవరినీ తిట్టకుండా, సైకిల్‌ను తోసుకుంటూ షాపు దాకా పోయే ఓపిక ఇమ్మని అడుగుదాం” అని ఆయన అన్నారు. నవ్వులలోనే ఆ పిల్లలు జ్ఞానస్నానం వంటి సంస్కారానికీ ఆశీర్వాదానికీ ఉన్న తేడాను, నేను ఎన్నో ఆదివారాలు చెప్పినా అంత బాగా గ్రహించనంత తేటగా గ్రహించారు. గుడిలో నవ్వు వినిపిస్తే భక్తి తగ్గుతుందని భయపడేవారు ఆ వరండాలో ఒక పావుగంట కూర్చొని ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. మనకు ఎంతో దగ్గరైన ఆచారం గురించే మనం ఇంత చనువుగా మాట్లాడుకోగలం.

పెద్దల ప్రశ్నలు వేరుగా ఉన్నాయి. మా పెదనాన్నగారి కుటుంబం సీఎస్ఐ అనే ప్రొటెస్టెంట్ సంఘంలో ఉంది. మా అన్నయ్య, “మనుషులకు గదా అమ్మా ఆశీర్వాదం, ఇనుముకు ఎందుకు?” అని అడిగాడు. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు, ఆయనకు అది నిజమైన సందేహం. నేను ఆయనకు వాళ్ల గుడిలో ఏటా జరిగే కోతల పండుగను గుర్తుచేశాను. వడ్లు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు బలిపీఠం ముందుకు తెచ్చి, అయ్యగారు కృతజ్ఞతాప్రార్థన చేసి, ఆరాధన తర్వాత వేలం వేయడం అక్కడ ఎంత వేడుకగా జరుగుతుందో ఆయనకు నాకన్నా బాగా తెలుసు. తన మోటార్‌సైకిల్ కొన్న రోజున తాళంచెవిని పాస్టరుగారి చేతిలో పెట్టి ప్రార్థన చేయించుకున్నది కూడా ఆయనే. అది తలచుకొని అన్నయ్య తానే నవ్వాడు. కొందరు రథాలను బట్టి, కొందరు గుర్రాలను బట్టి అతిశయపడతారు గాని మనం మన దేవుని నామాన్ని బట్టి అతిశయపడతామన్న ఇరవయ్యవ కీర్తన మాటను మాత్రం మరిచిపోవద్దని చెప్పి, ఆదివారం తన కూతురిని సైకిల్‌తో పంపాడు. ఆ వచనాన్ని ఫాదర్‌గారికి చెబితే, ఆయన తన ప్రసంగంలో చేర్చుకున్నారు.

మరికొందరికి, ఇది దసరాకు చేసే ఆయుధపూజలా కనిపిస్తుందేమోనన్న జంకు ఉంది. మా వీధిలో దసరా నాడు ఇరుగుపొరుగు వారు సైకిళ్లను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించడం చిన్ననాటి నుంచి చూస్తున్నాను. తమకు కూడు పెట్టే పనిముట్టును ఏడాదికి ఒక్కరోజైనా కూర్చోబెట్టి గౌరవించే ఆ అలవాటు మీద నాకు ఎంతో గౌరవం ఉంది. మా ప్రార్థన దానికి అనుకరణ కాదు, దానికి పోటీ అంతకన్నా కాదు. మేము సైకిల్‌కు మొక్కడం లేదు, సైకిల్ మీద కూర్చున్నవారి కోసం దేవునికి మొక్కుతున్నాం. ఈ మాట ఒకసారి సూటిగా చెప్పాక జంకు పోయింది. నిమ్మకాయలు మాత్రం తేవద్దని ఒక పెద్దావిడ అందరికీ తానే చెప్పి వచ్చింది.

ఇక శనివారం గురించి తీరికగా రాయాలి, ఎందుకంటే నా దృష్టిలో ఆదివారం జరిగిన ప్రార్థనకు పునాది ఆ రోజునే పడింది. మా వీధి మలుపులో చాలా ఏళ్లుగా సైకిల్ షాపు నడుపుతున్న భాయ్‌ని పిలిచాం. విషయం చెప్పగానే, “మంచిపనే గదా మేడం, మావోళ్లు గూడా కొత్త బండి కొంటే పెద్ద దర్గాకు తీస్కపోతారు” అని, రెండు పానాల పెట్టెలు, గాలిపంపు, నీళ్ల తొట్టె, నూనె డబ్బా ఆటోలో వేసుకొని గుడి వేపచెట్టు కిందికి మధ్యాహ్నానికే చేరుకున్నాడు. నలభైకి పైగా సైకిళ్లు వచ్చాయి. భాయ్ ముందుగా పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని, చూడవలసిన పద్ధతి నేర్పాడు. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టుకొని హ్యాండిల్‌ను అటూఇటూ తిప్పితే అది వదులుగా కదలకూడదు. ఒక్కొక్క బ్రేకూ విడివిడిగా పట్టి సైకిల్‌ను ముందుకు తోస్తే చక్రం తిరగకూడదు. బ్రేకు రబ్బరు రిమ్ముకే తగలాలి, టైరుకు తగిలితే టైరు కోసుకుపోతుంది. వెనుక చక్రం పైకెత్తి తిప్పితే అది ఒక పక్కకు ఊగకుండా నేరుగా తిరగాలి, ఊగితే స్పోకులు బిగించి బెండు తీయాలి. చెయిన్‌ను మధ్యలో వేలితో ఎత్తితే కొంచెం ఆడాలి, మరీ ఆడితే ఎక్కుడులో జారిపోతుంది, అస్సలు ఆడకపోతే తెగుతుంది. సీటు మీద కూర్చుంటే కాలి వేళ్లు నేలకు అందాలి. గంట మోగాలి, వెనుక ఎర్రని రిఫ్లెక్టరు ఉండాలి.

ఈ పరీక్షలో మొదట నెగ్గినవి చాలా కొద్ది. అక్క సైకిల్‌ను తొక్కుతున్న ఒక ఆరో తరగతి పిల్ల సైకిల్‌కు ముందు బ్రేకు తీగే లేదు. చెప్పు నేలకు రాసి ఆపుతున్నానని ఆ పిల్ల ఎంతో మామూలుగా చెప్పినప్పుడు నా గుండె జారింది. పాలు పోసే ఆయన సైకిల్ స్టాండు విరిగి, క్యాన్ల బరువంతా గోడకు ఆనించుకోవడం మీదే ఆధారపడి ఉంది. పేదలకు సాయపడే పునీత విన్సెంట్ దె పాల్ సభ వారు బ్రేకు రబ్బర్లు, తీగలు, గంటలు, రిఫ్లెక్టర్లు ముందే కొని పెట్టారు కాబట్టి ఎవరినీ డబ్బులు అడగలేదు. భాయ్ తన పనికి కూలి తీసుకోలేదు, టీ మాత్రం చాలాసార్లు తాగాడు. యువత ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒకరు తుడుస్తూ, ఒకరు నూనె వేస్తూ, చీకటి పడేదాకా కూర్చున్నారు.

పని మధ్యలో ఒక పిల్లవాడు, “మనిషికి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రి ఉంటాడు గదా, సైకిల్‌కు జ్ఞానతండ్రి భాయే” అన్నాడు. భాయ్ అర్థం కాక నా వైపు చూశాడు. బిడ్డ విశ్వాసంలో పెరగడానికి తల్లిదండ్రులతో పాటు పూచీ తీసుకునే పెద్దమనిషిని జ్ఞానతండ్రి అంటామని చెప్పాను. ఆయన స్పోకు బిగిస్తూనే, “అట్లయితే నేను ఈ పేటలో అన్ని సైకిళ్లకూ అదే గదా మేడం, చిన్నప్పటినుంచి సాకుతానే ఉండా” అన్నాడు. ఆ సాయంత్రం విన్న మాటలన్నింటిలోకీ నాకు అదే మిక్కిలి నచ్చింది. బార్తాలీ కథ పిల్లల నోట విన్నాక, ఆయనే ఒక పాత హెర్క్యులిస్ సైకిల్ సీటు ఊడదీసి, సీటు కింది గొట్టంలోకి టార్చి వేసి చూపించాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అందులోకి తొంగిచూసి, ఒక కాగితాన్ని చుట్టచుట్టి లోపలికి దించి, మళ్లీ తీసి, అది నిజంగానే సాధ్యమని తేల్చుకున్నారు. నా పాఠం చేయలేనిది ఆ గొట్టం చేసింది.

ఆదివారం ఉదయం రెండో పూజ ముగిసేసరికి సైకిళ్లన్నీ ఆవరణలో వరుసలుగా నిలబడి ఉన్నాయి. కాలు సరిగా లేని ఒక విశ్వాసి తన మూడు చక్రాల బండితో ముందు వరుసలోకి వచ్చారు. ఫాదర్‌గారు పూజావస్త్రం ధరించి, ఇత్తడి పాత్రలో తీర్థజలంతో బయటికి రాగానే శిలువ గుర్తుతో ప్రార్థన మొదలైంది. ఆషాఢపు గాలి విసురుకు కొవ్వొత్తి నిలవలేదు, పాటల కాగితాలను రాళ్లకింద పెట్టవలసి వచ్చింది.

వాక్యపఠనానికి ఫాదర్‌గారు అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయం ఎంచుకున్నారు. యెరూషలేము నుంచి గాజాకు పోయే ఎడారి దారిలో ఇథియోపియా రాణి కోశాధికారి తన రథంలో కూర్చొని యెషయా గ్రంథం చదువుకుంటూ పోతున్నాడు. ఆ రథం దగ్గరకు వెళ్లమని ఆత్మ చెప్పగా ఫిలిప్పు పరుగెత్తి దాన్ని కలుసుకున్నాడు. ఆ అధికారి ఫిలిప్పును ఎక్కించుకొని, వాక్యం విని, దారిలో నీళ్లు కనబడగానే రథం ఆపించి జ్ఞానస్నానం పొంది, సంతోషంతో తన దారిన సాగిపోయాడు. చదవడం పూర్తయ్యీ కాకముందే ముందు వరుసలోని పిల్లవాడు చేయెత్తి, “ఫాదర్, బండి తోలుతా పుస్తకం చదవడం తప్పు గదా?” అన్నాడు. అందరూ నవ్వారు. “ఆయన తోలడంలేదు నాయనా, కూర్చొని ఉన్నాడు. ఆపమని ఆజ్ఞాపించాడంటే తోలేవాడు వేరే ఉన్నాడన్నమాట. నీ సైకిల్‌కు తోలేవాడు నువ్వే. అందుకని ఫోను జేబులోనే ఉండాలి” అని ఆయన చెప్పారు. ప్రసంగం దాదాపుగా అంతే. దేవుడు మనల్ని గుడిలోనే కాదు, దుమ్ము రేగే రోడ్డు మీద కూడా కలుసుకుంటాడని, ఒక ప్రయాణం మధ్యలోనే ఒక మనిషి జీవితం మారిందని చెప్పి, రథాలను బట్టి అతిశయపడవద్దన్న కీర్తనతో ముగించారు.

పాత లాటిన్ ఆశీర్వాదాలలో వాహనం కోసం ఒక చిన్న ప్రార్థన ఉంది. ఆ ప్రార్థనలో కూడా ఈ ఇథియోపీయుని ప్రస్తావనే వస్తుంది. ఈ వాహనాన్ని నీ పవిత్ర హస్తంతో దీవించు, ఇందులో ప్రయాణించేవారిని అన్ని ఆపదల నుంచి కాపాడేందుకు నీ దూతలను దీని వెంట ఉంచు, రథంలో కూర్చొని వాక్యం చదువుతున్న ఆ మనిషికి ఫిలిప్పు ద్వారా విశ్వాసాన్ని ఇచ్చినట్టే నీ సేవకులకు రక్షణ మార్గాన్ని చూపించు అని దాని సారాంశం. ఫాదర్‌గారు ఆ భావాన్ని తెలుగులో చదివారు. క్షేమంగా ఇల్లు చేరడాన్ని మాత్రమే అడిగి ఆగిపోకుండా, చేరవలసిన చోటు ఏదో కూడా గుర్తుచేసే ప్రార్థన అది. ఆ మాటలు వింటున్నప్పుడు నాకు మా తాతగారు గుర్తుకొచ్చారు. కడప పీఠం (బిషప్పుగారి పరిధిలోని ప్రాంతం) 1976లో ఏర్పడడానికి ముందు, ఈ ప్రాంతమంతా నెల్లూరు పీఠంలో ఉన్న రోజులలో, ఆయన ఉపదేశిగా పల్లెపల్లెకూ సైకిల్ మీదే తిరిగి ప్రార్థనలు నడిపారు. గురువు నెలకొకసారి వచ్చే ఊళ్లలో ఆ సైకిల్ గంట విన్నాకే జనం గుడికి బయలుదేరేవారట.

విశ్వాసుల విన్నపాలను పిల్లలే రాసుకొచ్చారు. లారీ డ్రైవర్లకు నిద్ర రాకూడదని, రోడ్డు వేసేవారు గుంతలు పూడ్చాలని, సైకిల్ లేని స్నేహితులకు సైకిల్ దొరకాలని, తమను క్యారియర్ మీద కూర్చోబెట్టుకొని తొక్కే నాన్నలకు మోకాళ్ల నొప్పులు తగ్గాలని వారు అడిగారు. ఒక్క అక్షరం కూడా మేము దిద్దలేదు. రోడ్డు ప్రమాదాలలో మరణించిన విచారణ సభ్యుల పేర్లను వారి కుటుంబాలు చీటీల మీద రాసి ఇచ్చాయి, వాటిని చదివి కొంతసేపు మౌనంగా నిలబడ్డాం. తర్వాత మన రాకపోకలలో ప్రభువే మనల్ని కాపాడతాడన్న నూట ఇరవైయొకటవ కీర్తనను అందరం కలిసి చెప్పాం.

అప్పుడు తీర్థజలం. ఫాదర్‌గారు ముందు మనుషుల మీద, తర్వాత సైకిళ్ల మీద చిలకరిస్తూ వరుసలన్నీ తిరిగారు. సైకిల్ లేని అవ్వలు కూడా వరుసల మధ్యకు వచ్చి కొంగులు పట్టారు. తన సైకిల్ వెనుక చక్రానికి నీళ్లు తగల్లేదని ఒక అమ్మాయి వెనక్కి పిలిస్తే, ఆయన మళ్లీ వచ్చి, ఆ చక్రం మీద, ఆ పిల్ల తల మీద కూడా చిలకరించి వెళ్లారు. చివరి ఆశీర్వాదం అవగానే అందరూ ఒక్కసారిగా గంటలు మోగించారు. పైన గుడి గంట, కింద నలభై సైకిల్ గంటలు, వాటి మధ్య చప్పట్లు కొడుతున్న భాయ్. నాకు ఆ శబ్దం స్తుతిగీతంలాగే వినిపించింది. ఆ తర్వాత రద్దీ లేని వెనుక వీధుల గుండా, పెద్దలు ముందూ వెనుకా నడుస్తుండగా, పిల్లలు ఒకే వరుసలో ఒక చుట్టు తొక్కి వచ్చి, ఉగ్గాని బజ్జీ తిని ఇళ్లకు వెళ్లారు.

ఇలాంటిది చేయాలనుకునే వారికి ఒకటి రెండు విషయాలు చెబుతాను. తనిఖీని ప్రార్థన రోజునే పెట్టుకోవద్దు, సమయం చాలదు, బాగుచేయని సైకిల్‌ను పిల్లల ముందు వెనక్కి పంపడం ఎవరికీ మనసొప్పదు. పిల్లల ప్రశ్నలకు ముందుగా ఒక గంట కేటాయించండి, నవ్వనివ్వండి. గురువు ప్రతి ఆదివారం రాలేని పల్లెల వారు ఆగిపోనవసరం లేదు. ప్రయాణ సాధనాల ఆశీర్వాదక్రమాన్ని గురువు గాని, ఆయన తర్వాతి స్థాయి సేవకుడైన డీకన్ గాని లేనిచోట సామాన్య విశ్వాసి కూడా, తనకు నిర్దేశించిన పద్ధతిలో, చేతులు జోడించి నడిపించవచ్చని ఆ గ్రంథమే చెబుతోంది. మా విచారణ కింద ఉన్న ఒక ఊళ్లో ఉపదేశిగారు ఆగస్టులో అలాగే చేశారు, మేము మిగిలిన బ్రేకు రబ్బర్లు, రిఫ్లెక్టర్లు వారికి పంపాం.

చెప్పుతో సైకిల్ ఆపుకుంటూ వచ్చిన ఆ పిల్ల ఇప్పుడు రెండు బ్రేకులతో బడికి వెళుతోంది. భాయ్ నెలలో మొదటి ఆదివారం పూజ విడిచే వేళకు పానాల పెట్టెతో వేపచెట్టు కిందికి వస్తున్నాడు, గుడికి రాని ఇరుగుపొరుగు పిల్లలు కూడా తమ సైకిళ్లు తెచ్చుకుంటున్నారు. ఈ ఏడు ఆటో తోలేవారు తమ బండ్లకూ చేయమని అడిగారు. లైట్లు, బ్రేకులు, కాగితాలు ముందు చూపిస్తేనే అని ఫాదర్‌గారు వారికీ అదే షరతు పెట్టారు, వారు ఒప్పుకున్నారు.